ఎంపిక కానివారు కూడా ఒప్పుకోగలిగే నియామకం ఎలా జరపాలి

40 మంది పనిచేసే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అకౌంట్స్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయిందనుకుందాం. ప్రకటన ఇస్తే 70 దరఖాస్తులు వచ్చాయి, వాటిలో రెండు లోపలివారివి. చివరికి బయటి నుంచి వచ్చిన ఒకరిని తీసుకున్నారు. ఆ రోజు నుంచి యాజమాన్యం ఆలోచనంతా ఆ ఒక్కరి చుట్టూనే తిరుగుతుంది: నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లు, జీతం ఎంత అడుగుతున్నారు, సీటు ఎక్కడ వేయాలి. మిగిలిన 69 మంది సంగతి గాని, దరఖాస్తు పెట్టకపోయినా జరిగినదంతా మౌనంగా గమనించిన సిబ్బంది సంగతి గాని ఎవరికీ గుర్తుండదు. ఎనిమిదేళ్లుగా నెలాఖరు లెక్కలను ఇంటికి పట్టుకెళ్లి మరీ పూర్తి చేస్తున్న గుమాస్తా, ఆ పోస్టు తనకే వస్తుందని ఆశపడినవాడు, మరుసటి నెల నుంచి సాయంత్రం ఆరు కొట్టగానే కంప్యూటర్ ఆపేసి లేచిపోతాడు. ఎవరితోనూ గొడవపడడు, రాజీనామా ఇవ్వడు. పిలిచి అడిగితే "అబ్బే, ఏమీ లేదు సార్" అంటాడు.

అతనికి పోస్టు రాలేదన్న బాధ సహజమే, దానిని ఏ పద్ధతీ పూర్తిగా తీసివేయలేదు. కానీ అతను నిజంగా నమ్ముతున్నది "నాకు రాలేదు" అని కాదు, "అది ముందే అనుకున్నారు" అని. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరమే ఈ మార్గదర్శిని విషయం. నియామకాలు చేసే చిన్న, మధ్యతరహా సంస్థల యజమానులను, ప్రిన్సిపాళ్లను, మానవ వనరుల విభాగంలో ఒంటరిగా నెట్టుకొచ్చేవారిని ఉద్దేశించి దీన్ని రాస్తున్నాను.

మనసులో ఏం జరుగుతుంది

మనుషులు తాము పెట్టిన శ్రమను, తమకు దక్కిన ఫలితాన్ని పక్కవారితో పోల్చి తూకం వేసుకుంటారని, తూకం చెడిందనిపిస్తే దానిని సరిచేసుకునే దారుల్లో శ్రమ తగ్గించడం ఒకటని 1960వ దశకంలో మనస్తత్వ శాస్త్రవేత్త జె. స్టేసీ ఆడమ్స్ ప్రతిపాదించారు. పైన చెప్పిన గుమాస్తా చేసింది సరిగ్గా అదే. 1975లో జాన్ థిబో, లారెన్స్ వాకర్ న్యాయస్థానాల తగాదాలను పరిశీలించి, తన వాదన చెప్పుకొనే వీలు దొరికినవారు తమకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును కూడా మెరుగ్గా అంగీకరిస్తారని చూపారు. అంటే ఫలితంలోని న్యాయం వేరు, పద్ధతిలోని న్యాయం వేరు. జెరాల్డ్ లెవెంథాల్ 1980లో ఆ పద్ధతికి ఆరు కొలతలు చెప్పారు: అందరికీ ఒకే తీరు, పక్షపాతం లేకపోవడం, సరైన సమాచారం మీద ఆధారపడడం, తప్పు జరిగితే దిద్దుకునే వీలు, సంబంధమున్న వారందరి ప్రయోజనాలకు చోటు, నైతికత. 1993లో స్టీఫెన్ గిల్లిలాండ్ ఈ ఆలోచనలను ఉద్యోగ ఎంపికకు వర్తింపజేసి, ప్రశ్నలకు ఉద్యోగంతో సంబంధం ఉండడం, తన సామర్థ్యాన్ని చూపే అవకాశం, ఎప్పటికప్పుడు కబురు అందడం, మర్యాద వంటి అంశాలను జోడించారు.

ప్రేరణకు దీనితో ఉన్న ముడిని అర్థం చేసుకోవడానికి విక్టర్ వ్రూమ్ 1964లో చెప్పిన లంకె సరిపోతుంది. కష్టపడితే పని బాగా వస్తుందన్న నమ్మకం, పని బాగా వస్తే ప్రతిఫలం దక్కుతుందన్న నమ్మకం, ఆ ప్రతిఫలం తనకు విలువైనదన్న భావన, ఈ మూడూ ఉంటేనే మనిషి అదనంగా ఒక అడుగు వేస్తాడు. అన్యాయంగా కనిపించిన ఒక్క నియామకం ఈ గొలుసులో రెండో కొలికిని తెంపుతుంది. "ఇక్కడ పైకి పోవడానికి కావలసింది పని కాదు" అన్న నిర్ణయానికి వచ్చినవాడికి ఎన్ని ప్రోత్సాహక సభలు పెట్టినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ ఒక హద్దు చెప్పుకోవాలి. ఎంపిక పద్ధతి న్యాయంగా ఉందని భావించిన అభ్యర్థులు ఆ సంస్థను మెచ్చుకుంటారని, ఉద్యోగం ఇస్తే చేరడానికి, నలుగురికి చెప్పడానికి మొగ్గు చూపుతారని పరిశోధనలు చాలావరకు ఏకీభవిస్తాయి. చేరిన తర్వాత వారి పని నాణ్యత కూడా దానివల్లే పెరుగుతుందనడానికి మాత్రం అంత గట్టి ఆధారాలు లేవు. కాబట్టి మంచి పద్ధతి పెడితే అందరూ రెట్టింపు పని చేస్తారని ఎవరైనా కన్సల్టెంటు చెబితే నమ్మవద్దు. అది చేసేది అంతకంటే చిన్న పని: ఉన్న ఉత్సాహాన్ని చంపకుండా కాపాడుతుంది.

ప్రకటనకు ముందే తేల్చుకోవలసినవి

నియామకంలో న్యాయం ఇంటర్వ్యూ గదిలో మొదలవుతుందనుకుంటాం గాని, సగం తగాదాలు ప్రకటన ఇవ్వడానికి ముందు తేల్చుకోకుండా వదిలేసిన విషయాల నుంచే పుడతాయి. ఏ పని చేయాలి, అందుకు తప్పనిసరి అర్హతలేమిటి, ఉంటే మేలు అనుకునేవి ఏమిటి, దేనికెన్ని మార్కులు, జీతం ఏ పరిధిలో, లోపలివారు దరఖాస్తు చేయవచ్చా, ఎన్ని దశలు, ఫలితం ఎప్పుడు అన్నవి ఒక కాగితం మీద రాసి, ఎంపికలో పాల్గొనే ప్రతి ఒక్కరి చేత సంతకం చేయించాలి. మన ఆసుపత్రి ఉదాహరణలో ఆ కాగితం ఇలా ఉండవచ్చు: వోచర్ల నమోదు, బ్యాంకు ఖాతాల సరిపోలిక మీద ప్రాక్టికల్ పరీక్షకు 40 మార్కులు, ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్ క్లెయిములలో అనుభవానికి 25, ఇంటర్వ్యూకు 25, మొత్తం సర్వీసుకు 10. ఈ పట్టిక ప్రకటనలోనే ఉంటే ఇంకా మంచిది.

ఒకసారి రాసిన తర్వాత దానిని మధ్యలో మార్చకూడదు. దీనికి తెలుగు నేల మీద నుంచే వెళ్లిన ఒక కేసు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా, సెషన్స్ జడ్జీల 10 పోస్టుల కోసం 2004లో మొదలైన ఎంపికలో రాతపరీక్షకు 75, ఇంటర్వ్యూకు 25 మార్కులు కేటాయించారు. ఇంటర్వ్యూలో కనీస మార్కులు రావాలన్న షరతు మొదట లేదు. ఇంటర్వ్యూలన్నీ ముగిశాక ఆ షరతు తెచ్చి జాబితాను తిరగరాశారు. దానివల్ల జాబితా నుంచి జారిపోయినవారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆట ముగిసిన తర్వాత ఆట నియమాలు మార్చడమే ఇది, చెల్లదని 2008లో కె. మంజుశ్రీ కేసులో కోర్టు తేల్చింది. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, నోటిఫికేషన్‌గాని సర్వీసు నియమాలుగాని ముందే అనుమతిస్తే తప్ప, ఎంపిక మొదలయ్యాక అర్హతా ప్రమాణాలను మధ్యలో మార్చకూడదని మళ్లీ స్పష్టం చేసింది. ఈ తీర్పులు ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించినవి, మీ ప్రైవేటు సంస్థను నేరుగా కట్టడి చేయవు. అయినా గమనించవలసింది ఏమిటంటే, జడ్జీలను ఎంపిక చేసిన హైకోర్టుకు దురుద్దేశం ఉందని అక్కడ రుజువు కానక్కరలేకపోయింది. నియమం ఎప్పుడు పుట్టిందన్నదే చాలింది. మీ సిబ్బంది కూడా సరిగ్గా అలాగే ఆలోచిస్తారు. "మొదట ఎంబీఏ అక్కర్లేదన్నారు, ఇప్పుడెందుకు కావాలంటున్నారు?" అన్న ప్రశ్నకు మీ దగ్గర ఎంత మంచి కారణం ఉన్నా, అది ఆలస్యంగా వచ్చిన కారణమే అవుతుంది. నిజంగా అవసరం మారితే ప్రక్రియను ఆపి, కారణం చెప్పి, మళ్లీ ప్రకటన ఇవ్వడమే గౌరవప్రదమైన దారి.

జీతం పరిధిని దాచడం మన దగ్గర అలవాటుగా మారింది. దాచినందువల్ల బేరమాడగలిగినవాడు ఎక్కువ, మొహమాటపడేవాడు తక్కువ పొందుతాడు. ఆ తేడా ఆరు నెలల్లో క్యాంటీన్ బల్ల మీదికి వస్తుంది.

పరీక్ష, ఇంటర్వ్యూ

అభ్యర్థి న్యాయంగా భావించే పరీక్ష ఏదంటే, ఉద్యోగంలో చేయబోయే పనిని పోలినది. లెక్చరర్‌కు డెమో క్లాస్ పెట్టండి, పాఠ్యాంశాన్ని ముందురోజే చెప్పండి, అందరికీ ఒకే పాఠం, ఒకే 20 నిమిషాలు ఇవ్వండి. అకౌంటెంటుకు 50 వోచర్లు, ఒక బ్యాంకు స్టేట్‌మెంటు ఇచ్చి ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో చేయమనండి. స్టాఫ్ నర్సును డ్యూటీ మారేటప్పుడు కేసు ఎలా అప్పగిస్తారో చేసి చూపమనండి. ఇలాంటి పరీక్షలో ఓడినవాడికి తన లోటు తనకే కనిపిస్తుంది, ఎవరూ వివరించనక్కరలేదు. అయితే సాఫ్ట్‌వేర్ సంస్థలు కొన్ని "అసైన్‌మెంట్" పేరిట వారాంతమంతా పని చేయించుకోవడం పరీక్ష కాదు, వెట్టి. రెండు గంటలు దాటితే ఆ సమయానికి డబ్బు చెల్లించండి, లేదా పరీక్షను కుదించండి.

ఇంటర్వ్యూ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే అనుమానానికి ఎక్కువ చోటున్నది అక్కడే. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాల మీద వచ్చిన అజయ్ హాసియా కేసులో, ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి, తల్లిదండ్రుల గురించి, నివాసం గురించి అడిగి, మొత్తం మార్కుల్లో మూడోవంతును ఆ మౌఖిక పరీక్షకే ఇవ్వడాన్ని 1980లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది, 15 శాతం మించకూడదని సూచించింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గ్రూప్-డి పోస్టులతో పాటు గెజిటెడ్ కాని గ్రూప్-బి పోస్టులకు కూడా ఇంటర్వ్యూలను ఎత్తివేసింది. ప్రైవేటు సంస్థలు అంత దూరం పోనక్కరలేదని నా అభిప్రాయం. రోగి బంధువులతో మాట్లాడవలసిన మనిషిని మాట్లాడించకుండా ఎలా తీసుకుంటాం? కానీ ఇంటర్వ్యూను కబుర్ల కూటమిగా వదిలేయకూడదు.

ప్యానెల్‌లో ముగ్గురుండాలి. ఒకరు ఆ పని తెలిసినవారు, ఒకరు వేరే విభాగం వారు, ముగ్గురిలో కనీసం ఒక స్త్రీ. అయిదు ప్రశ్నలు ముందే రాసుకొని అందరినీ అవే అడగాలి, ఉపప్రశ్నలు జవాబును బట్టి మారవచ్చు. ఒక్కో జవాబుకు ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు, ఏ జవాబుకు ఎంత అన్నది కూడా ముందే అనుకోవాలి. అభ్యర్థి బయటికి వెళ్లగానే ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా తమ తమ షీట్లలో మార్కులు వేసి సంతకం పెట్టాలి, చర్చ ఆ తర్వాతే. ఈ ఒక్క క్రమం పాటించకపోతే మిగిలినదంతా వృథా. ఎండీ గారు "కుర్రాడు బాగున్నాడు" అన్న తర్వాత పక్కనున్న సూపర్‌వైజర్ 2 మార్కులు వేస్తాడని ఆశించడం అమాయకత్వం. చివరి అయిదు నిమిషాలు అభ్యర్థివి: "మేము అడగనిది, మీరు చెప్పదలచుకున్నది ఏమైనా ఉందా?" అని అడిగి, నిజంగా వినాలి. తన మాట చెప్పుకున్నానన్న తృప్తి ఫలితాన్ని అంగీకరించడంలో ఎంత పనిచేస్తుందో థిబో, వాకర్ల పరిశీలన దగ్గరే చూశాం.

అడగకూడనివి కూడా రాసి ప్యానెల్ బల్ల మీద పెట్టండి. పెళ్లయిందా, పిల్లలెప్పుడు, మీవారు ఒప్పుకుంటారా అన్న ప్రశ్నలు పురుషులను అడగము గనుక స్త్రీలను అడగకూడదు. నియామకంలో స్త్రీల పట్ల వివక్ష కూడదని 1976లోనే చట్టం వచ్చింది. "మీది ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఫలానావారు మీకేమవుతారు?" అన్న పలకరింపు మనకు మర్యాదగానే తోస్తుంది, కానీ ఆ ప్రశ్న వెనక ఉన్న ప్రశ్న ఏమిటో ఎదుటి కుర్చీలో కూర్చున్నవారికి బాగా తెలుసు. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పత్రికల్లో ప్రకటించిన ప్రైవేటు ఉద్యోగాలకు సమాన అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి పంపారు. అగ్రకుల హిందువుగా తెలిసే పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి దళితుడిగా తెలిసే పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. ఆ దరఖాస్తులను తిరస్కరించినవారిలో తాము వివక్ష చూపామని ఒప్పుకునేవారు ఎందరుంటారు? అందుకే మంచితనం మీద ఆధారపడకుండా, మొదటి వడపోతకు ముందే ఆఫీసు సహాయకుడి చేత పేరు, ఇంటిపేరు, ఫొటో, తండ్రి పేరు, స్వగ్రామం తీయించి, దరఖాస్తులకు నంబర్లు వేయించండి. 70 దరఖాస్తులకు ఇది ఒక పూట పని. అలాగే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. పరీక్ష పెట్టే గది మూడో అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే ఆ విధానపత్రం గోడకు అంటించినా లాభం లేదు.

సిఫారసుల సంగతి

ఇది రాయకుండా మన ప్రాంతపు నియామకాల గురించి రాశాననుకోవడం దండగ. "మనవాడే, కాస్త చూడండి" అన్న ఫోన్ రాని ఆఫీసు లేదు. సిఫారసు ప్రతిసారీ చెడ్డది కూడా కాదు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థల్లో రిఫరల్‌కు బోనస్ ఇవ్వడం మామూలు విషయం, తెలిసినవారు చెప్పిన మనిషి గురించి ముందే కొంత సమాచారం దొరుకుతుంది. చిక్కు వచ్చేది సిఫారసు రహస్యంగా ఉన్నప్పుడు, అది ఏ తలుపు దాకా తీసుకెళ్తుందో ఎవరికీ తెలియనప్పుడు.

కాబట్టి ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరు, ఎవరి కోసం, ఎప్పుడు చెప్పారో అందులో రాయండి. చెప్పినవారు ప్యానెల్‌లో కూర్చోకూడదు, కనీసం ఆ అభ్యర్థి వచ్చినప్పుడు లేచి వెళ్లిపోవాలి. సిఫారసు దరఖాస్తును గుమ్మం దాటిస్తుంది, అంతే. పరీక్షకు, మార్కులకు దానితో పనిలేదు. ఈ మాట ఫోన్ చేసిన పెద్దమనిషికి చెప్పడానికి కూడా రిజిస్టరు పనికొస్తుంది: "పరీక్షకు పంపించండి సార్, తప్పకుండా రాయిస్తాం" అనడంలో అమర్యాద ఏమీ లేదు.

కుటుంబ వ్యాపారాల దగ్గర మరో మాట. రైస్ మిల్లు యజమాని తన తోడల్లుడి కొడుకును పర్చేజ్ మేనేజరుగా పెట్టుకోవాలనుకుంటే, ప్రకటన ఇవ్వకుండా నేరుగా పెట్టుకొని, ఆ సంగతి సిబ్బందికి బాహాటంగా చెప్పడమే మంచిది. యజమాని బంధువుకు పదవి వస్తే మిల్లులో ఎవరూ ఆశ్చర్యపోరు. వారికి కోపం తెప్పించేది కంటితుడుపు ఇంటర్వ్యూ. ముప్పై మందిని చార్జీలు పెట్టుకొని రప్పించి, సెలవులు పెట్టించి, ముందే నిర్ణయమైన పోస్టుకు ప్రశ్నలడగడం వారి ఆశతో ఆడుకోవడమే. నేను కూర్చున్న ఒక ప్యానెల్‌లో, ఇంటర్వ్యూలు మొదలవకముందే ఎంపికైన వ్యక్తి ఐడీ కార్డు తయారై ఉండడం లోపలి అభ్యర్థి కంట పడింది. అప్పుడు అతను గొడవేమీ చేయలేదు. ఆ తర్వాత మూడేళ్లలో ఆ సంస్థలోని ఏ పదోన్నతికీ అతను దరఖాస్తు చేయలేదు.

డబ్బు తీసుకొని "బ్యాక్‌డోర్" ఉద్యోగాలిప్పిస్తామనే దళారుల బెడద ఉన్నచోట, ఏ దశలోనూ అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకోబోమన్న ఒక్క వాక్యం ప్రకటనలో పెట్టడం కూడా అవసరమే.

లోపలి అభ్యర్థితో మాట్లాడడం

లోపలి నుంచి దరఖాస్తు చేసి ఎంపిక కానివారితో, ఫలితం ప్రకటించడానికి ముందు, విడిగా, కూర్చోబెట్టి మాట్లాడాలి. వారికి ఈ కబురు వాట్సాప్ గ్రూపులో "కొత్త ఇన్‌చార్జి గారికి స్వాగతం" అన్న సందేశంగా చేరకూడదు. మాట్లాడేది పైఅధికారి అయి ఉండాలి, హెచ్‌ఆర్ అమ్మాయిని పంపి చేతులు దులుపుకోకూడదు. నేను సూచించే తీరు ఇది:

"మీరు ఆశించారని నాకు తెలుసు, అందుకే అందరికంటే ముందు మీకు చెబుతున్నాను. ఈ పోస్టుకు మరొకరిని తీసుకుంటున్నాం. ప్రాక్టికల్ పరీక్షలో మీకు 40కి 34 వచ్చాయి, అందరిలో మీవే ఎక్కువ. ఇన్సూరెన్స్ క్లెయిముల దగ్గర మీకు 25కి 6 వచ్చాయి, వారికి 21. మీరు ఆ పని ఇంతవరకు చేయలేదు, చేసే అవకాశం మేము ఇవ్వలేదు కూడా. వచ్చే నెల నుంచి వారానికి రెండు రోజులు క్లెయిముల డెస్కులో పని చేస్తారా? ఇప్పుడే చెప్పనక్కరలేదు. మీ షీటు ఇదిగో, చూడండి."

ఈ మాటల్లో సంఖ్యలున్నాయి, సంస్థ తన లోపాన్ని ఒప్పుకోవడం ఉంది, చేయదగిన పని ఒకటి ఉంది. "మీకు మంచి భవిష్యత్తు ఉంది, ఇంకోసారి చూద్దాం" అన్న ఊరడింపు ఇందులో లేదు. అలాంటి మాట ఇచ్చి రెండోసారీ మొండిచేయి చూపిస్తే ఆ మనిషిని పూర్తిగా పోగొట్టుకున్నట్టే. ఎదుటివారు కోపంగా మాట్లాడితే మాట్లాడనివ్వండి, వెంటనే సమాధానాలు ఇవ్వవద్దు.

వివరణకు ఇంత విలువ ఉందా అన్న సందేహానికి జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన పరిశీలన ఒక జవాబు. అది నియామకం గురించినది కాదు, జీతాల కోత గురించినది. అమెరికాలో ఒక తయారీ సంస్థకు చెందిన రెండు కర్మాగారాల్లో పది వారాలపాటు 15 శాతం జీతం తగ్గించారు. ఒకచోట కారణాలను లెక్కలతో సహా, విచారం వ్యక్తంచేస్తూ సవివరంగా చెప్పారు, రెండోచోట పొడిపొడిగా ప్రకటించి ఊరుకున్నారు. కోత రెండుచోట్లా ఒకటే అయినా, దొంగతనాలు రెండోచోట బాగా పెరిగాయి, వివరించినచోట పెరుగుదల చాలా తక్కువ. కోత పెట్టని మూడో కర్మాగారంలో మార్పు కనిపించలేదు.

బయటి అభ్యర్థులకు కబురు

దరఖాస్తు అందిందని రెండు రోజుల్లో, వడపోత ఫలితం రెండు వారాల్లో, తుది నిర్ణయం జరిగిన వారంలో చెప్పండి. ఆలస్యమైతే ఆలస్యమైందనైనా చెప్పండి. వడపోతలో పోయినవారికి ఒక మర్యాదైన సాధారణ సందేశం చాలు, ఇంటర్వ్యూ దాకా వచ్చినవారికి మాత్రం వారికే వర్తించే కారణం ఒకటైనా ఉండాలి. నమూనాకు ఇది:

"నమస్కారం. అకౌంట్స్ ఇన్‌చార్జి ఉద్యోగానికి మా ఆసుపత్రికి వచ్చి పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు హాజరైనందుకు ధన్యవాదాలు. ఈసారి మేము మరొకరిని ఎంపిక చేశాము. మొత్తం 70 దరఖాస్తుల్లో 8 మందిని పరీక్షకు, ఇంటర్వ్యూకు పిలిచాము. వోచర్ల నమోదులో మీ పని ప్యానెల్‌కు నచ్చింది. ఇన్సూరెన్స్ క్లెయిముల అనుభవానికి కేటాయించిన 25 మార్కుల దగ్గర ఎంపికైనవారికి, మీకు తేడా వచ్చింది. మీ మార్కుల గురించి సందేహం ఉంటే పది రోజులలోపు కార్యాలయానికి ఫోన్ చేయవచ్చు."

ఫోన్ చేసేవారు ఎక్కువమంది ఉండరు. చేయవచ్చన్న వీలు ఉండడమే ముఖ్యం, ఎందుకంటే లెవెంథాల్ చెప్పిన తప్పు దిద్దుకునే మార్గం అదే. ఎవరైనా చేసి, నిజంగానే కూడికలో పొరపాటు కనిపిస్తే, దాచకుండా దిద్దండి. దరఖాస్తులను సాఫ్ట్‌వేర్ వడపోస్తోందంటే ఆ మాట ముందే చెప్పి, అభ్యంతరం చెప్పుకోవడానికి ఒక మనిషిని పెట్టండి.

కాగితాలు భద్రపరచడం

న్యాయంగా నడిపించామన్న మీ మనస్సాక్షి మీకు చాలవచ్చు, ఎదుటివారికి చాలదు. తెలంగాణ గ్రూప్-1 అనుభవం ఇందుకు పెద్ద పాఠం. 503 పోస్టులకు 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్‌ను ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దు చేశారు. మళ్లీ జూన్ 11న పెట్టారు. ఆ రెండో పరీక్షలో అభ్యర్థుల బయోమెట్రిక్ తీసుకోలేదన్నది ప్రధాన అభ్యంతరంగా హైకోర్టు సెప్టెంబరులో దాన్ని కూడా రద్దు చేసింది. మొదటిసారి పోయింది ప్రశ్నపత్రం అయితే, రెండోసారి పోయింది నిరూపణ. పరీక్ష రాసినది అసలు అభ్యర్థులేనని చూపించే సాధనం లేకపోవడమే ప్రశ్నగా నిలిచింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఈ రెండేళ్లు హైదరాబాద్‌లో కోచింగ్ కేంద్రాలుండే అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో అద్దెలు కట్టుకుంటూ మూడోసారి అవే పుస్తకాలు తెరిచినవారికి, చదువు మీద శ్రద్ధను ఒక ప్రక్రియ ఎలా కరిగిస్తుందో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

మీ స్థాయిలో కావలసింది ఒక ఫైలు: సంతకాలున్న మార్కుల ప్రణాళిక, ప్రకటన ప్రతి, నంబర్లు వేసిన దరఖాస్తులు, ముగ్గురి షీట్లు విడివిడిగా, సిఫారసుల రిజిస్టరు నకలు, పంపిన సందేశాలు. రెండేళ్లు ఉంచండి. ప్యానెల్ మార్కుల జాబితాను పక్కనబెట్టి యాజమాన్యం రెండో స్థానంలోని వ్యక్తిని తీసుకోదలిస్తే, ఆ కారణం కూడా అదే ఫైలులో రాసి సంతకం పెట్టాలి. రాయడానికి మొహమాటపడే కారణమైతే అది కారణం కాదు.

చేరినవారి జీతం, మొదటి వారాలు

పద్ధతి ఎంత శుభ్రంగా నడిచినా, కొత్తగా వచ్చినవారికి అదే పని చేస్తున్న పాతవారికంటే ఎక్కువ జీతం ఇస్తే కట్టినదంతా కూలుతుంది. మార్కెట్ రేటు అలా ఉందన్నది నిజమే కావచ్చు. ఆఫర్ లెటర్ ఇచ్చే ముందే, అదే స్థాయిలో ఉన్న పాతవారి జీతాలను పక్కన పెట్టి చూసి, తేడా ఉంటే ఎప్పటికి, ఎలా సరిచేస్తారో నిర్ణయించుకోండి. జీతాలు రహస్యమని నియమం పెట్టినంత మాత్రాన అవి రహస్యంగా ఉండవు.

ఎంపికైనవారు కూడా ఈ కథలో బాధితులు కాగలరు. "ఎండీ గారి మనిషి" అన్న ముద్రతో వచ్చినవారికి ఫైళ్లు ఆలస్యంగా అందుతాయి, చిన్న సందేహానికి కూడా సమాధానం దొరకదు. అందుకే చేరిన మొదటి రోజు పరిచయంలోనే ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఏ పరీక్షలు పెట్టారు, ప్యానెల్‌లో ఎవరున్నారు అన్నది రెండు ముక్కల్లో సిబ్బందికి చెప్పండి. ఇతరుల మార్కులు మాత్రం ఎక్కడా ఎత్తవద్దు.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం

ఇంటర్వ్యూ దాకా వచ్చి ఎంపిక కానివారికి రెండు వారాల తర్వాత మూడు ప్రశ్నలు పంపండి: ప్రశ్నలు ఉద్యోగానికి సంబంధించినవేనా, మీ సామర్థ్యం చూపే అవకాశం దొరికిందా, మళ్లీ ఇక్కడ దరఖాస్తు చేస్తారా. ఫలితం రాకముందు అడిగితే అందరూ బాగుందనే అంటారు, గెలిచినవారిని అడిగితే అంతకంటే బాగుందంటారు. అందుకే ఓడినవారినే, ఓడిన తర్వాతే అడగాలి. వారి జవాబుల్లో కొంత చేదు తప్పదు, ఎందుకంటే ఓటమికి కారణం బయట వెతకడం మనిషి స్వభావం. ఒక్కరి మాటను పట్టించుకోనక్కరలేదు గాని, ఒకే ఫిర్యాదు మూడు నియామకాల్లో తిరిగి వస్తే అది మీ లోపమే.

అంతకంటే నమ్మదగిన గుర్తు లోపల ఉంటుంది. తర్వాతి పోస్టు ప్రకటించినప్పుడు మీ సిబ్బందిలో ఎంతమంది దరఖాస్తు చేశారో, క్రితంసారి ఎంపిక కానివారు వారిలో ఉన్నారో లేదో చూడండి. ఆ గుమాస్తా మళ్లీ దరఖాస్తు పెట్టాడంటే ఈసారి అతనికి వచ్చినా రాకపోయినా, మార్కుల ప్రణాళిక కాగితం అతని చేతికి మొదటి రోజే అందేలా చూడండి.